ఆ ఎలుక ఎన్ని ఈతలు ఈనింది?

సంపాదకులకు,

పత్రికల ఆరోగ్యం పేజీల్లో ‘ఎలుకల్లో తేలింది’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. ఆడవాళ్ల క్యాన్సర్ల విషయంలో ఇలాంటి వార్తలు రెండు రకాలు. తొందరగా పిల్లల్ని కంటే రొమ్ము క్యాన్సర్ దరిచేరదని ఎలుకల మీద రుజువైందనేది ఒకటి. ఫలానా మందు ఎలుకల గర్భాశయంలో కణితులు పుట్టించింది కాబట్టి వాడేవాళ్లు జాగ్రత్త అనేది రెండోది. రెండూ పచ్చి అబద్ధాలేం కావు. కానీ రెంటిలోనూ అసలు ముక్క ఒకటి ఎగిరిపోతుంది: ఆ ఎలుక ఎప్పుడైనా చూలు కట్టిందా, ఈనిందా, పిల్లలకు పాలిచ్చిందా, ఇచ్చి ఉంటే ఏ వయసులో? అది తెలియకుండా ఆ ఫలితాన్ని మనుషులకు అన్వయించడానికి వీల్లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. ఇక్కడ ఎలుకను పట్టుకుని కొండను తవ్వుతున్నారు.

ముందు ఆ ఎలుక బతుకు చూద్దాం. ఆడ ఎలుక ఐదారు వారాలకే ఈడుకొస్తుంది. నాలుగైదు రోజులకోసారి ఎదకు వస్తుంది. చూలు మోసేది 21 నుంచి 23 రోజులు, పాలిచ్చేది మరో మూడు వారాలు. ధాన్యం గోదాములో తిరిగే ఎలుక బతికినంత కాలం దాదాపు చూలుతోనో, పాలిస్తూనో ఉంటుంది. ల్యాబ్ ఎలుక కథ వేరు. మందులు, పురుగుమందుల క్యాన్సర్ పరీక్షలకు ప్రపంచమంతా పాటించే, ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సహకార సంస్థ రూపొందించిన 451వ మార్గదర్శకం ప్రకారం ఒక్కో మోతాదు గుంపులో కనీసం 50 ఆడ, 50 మగ ఎలుకలు ఉండాలి. ఆడవి అంతకుముందు ఈననివి, చూలు లేనివి అయి ఉండాలి. అలాగే రెండేళ్లు ఉంచుతారు. అంటే మనం చదివే ‘ఎలుకల్లో తేలింది’ వార్తల్లో చాలా భాగం ఒక్క ఈత కూడా ఈనని ముసలి ఎలుకల గురించి.

ఈనని ఎలుకకు పది నెలలు వచ్చేసరికి యాభైకి పైగా ఎదలు గడిచిపోతాయి. ఆ తర్వాత చక్రం గాడి తప్పుతుంది. ఎలా తప్పుతుందన్నది జాతిని బట్టి ఉంటుంది. స్ప్రేగ్-డాలీ జాతిలో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి రావాల్సిన, అండాన్ని విడుదల చేయించే హార్మోన్ ఎల్‌హెచ్ పోటు బలహీనపడుతుంది. అండం విడుదల కాదు. అండాశయంలో నీటి సంచుల్లాంటి పుటకాలు అలాగే నిలిచిపోయి ఈస్ట్రోజెన్‌ను వదులుతూనే ఉంటాయి. అండం విడుదలైతేనే ఏర్పడే కార్పస్ లూటియం లేదు కాబట్టి ప్రొజెస్టిరాన్ రాదు. దీన్నే విడవని ఎద అనవచ్చు. ఫిషర్-344 జాతిలో ఎక్కువగా దీనికి విరుద్ధం. ఉత్తుత్తి చూలు ఒకదాని వెంట ఒకటి వస్తుంది, ప్రొజెస్టిరాన్ తగినంత ఉంటుంది. అందుకే ఒకే మందు ఒక జాతిలో కణితులు తెచ్చి మరో జాతిలో తేదు.

ఇదంతా తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. డ్రాపర్‌లో రెండు చుక్కల సెలైన్ తీసుకుని యోని కడిగి, ఆ చుక్కను స్లైడు మీద వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే చాలు. ఎదకు ముందు రోజు గుండ్రటి కణాలు, మధ్యలో కేంద్రకం స్పష్టంగా కనిపిస్తుంది. ఎద రోజున కేంద్రకం లేని పెచ్చులు, స్లైడు మీద అటుకులు చల్లినట్టు. ఎద దిగాక ఆవగింజల్లాంటి తెల్ల రక్తకణాలు గుంపులుగా. రోజూ ఒకే వేళకు తీయాలి. వారాల తరబడి రోజూ అటుకులే కనిపిస్తే అది విడవని ఎద. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. దూది పుల్లను లోతుగా పోనిచ్చి గర్భాశయ ముఖద్వారాన్ని గీరితే ఎలుక శరీరం అది జత కట్టడమే అనుకుంటుంది. పాల ఉత్పత్తికి తోడ్పడే ప్రోలాక్టిన్ హార్మోన్ పెరిగి, 12 నుంచి 14 రోజుల ఉత్తుత్తి చూలు మొదలవుతుంది. అప్పుడు స్లైడులో కనిపించే ఆవగింజలు మందు ప్రభావం కాదు, స్లైడు తీసిన చేతి ప్రభావం. గదిలో లైటు టైమర్ పాడై రాత్రంతా వెలుగుతూ ఉన్నా అంతే గండం. 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి తప్పి వెలుగు నిరంతరమైతే పడుచు ఎలుకలు కూడా విడవని ఎదలోకి పోతాయి. మేతలో సోయా పిండి ఎక్కువైతే అందులోని మొక్కల ఈస్ట్రోజెన్లు లెక్కను ఇంకాస్త చెడగొడతాయి.

ఇక గర్భాశయం. ప్రొజెస్టిరాన్ పగ్గం లేని ఈస్ట్రోజెన్ నెలల తరబడి పనిచేస్తే గర్భాశయపు లోపొర మందమవుతుంది. గ్రంథులు గుమిగూడి, ఆకారం చెడి, చివరికి కొన్నింట్లో అడినోకార్సినోమాగా, అంటే గ్రంథి కణాల క్యాన్సర్‌గా, మారుతుంది. జపాన్‌లో పెంచే డోన్ర్యూ జాతిలో ఈ క్యాన్సర్ ఏ రసాయనమూ ఇవ్వకుండానే వస్తుంది కాబట్టే అక్కడి పేథాలజిస్టులు ఆ జాతిని నమూనాగా ఎంచుకున్నారు. జర్మనీలో డీర్‌బెర్గ్ బృందం 1981లో హాన్-విస్టార్ ఎలుకల్లో గర్భాశయ క్యాన్సర్ అసాధారణంగా ఎక్కువగా ఉందని ప్రకటించింది. అవి కూడా ఈనని ఎలుకలే, ఆ మాట వ్యాసం శీర్షికలోనే ఉంది. అదే బృందం వర్ణించిన బీడీ-2 జాతిలో ఈనని ఆడ ఎలుకలు నూటికి తొంభై ఈ క్యాన్సర్ బారిన పడతాయి. వాటికే ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే మెలెంజెస్ట్రాల్ అసిటేట్ ఇస్తే క్యాన్సర్ పూర్తిగా ఆగిపోయిందని 1995లో అదే బృందం చూపింది. ఎలుక చూలు కట్టిందంటే మూడు వారాల పాటు రక్తం నిండా ప్రొజెస్టిరాన్ ఉంటుంది. పాలిచ్చే రోజుల్లో ఎద చక్రం ఆగుతుంది. అంటే ఒక్కో ఈత గర్భాశయానికి ఒంటరి ఈస్ట్రోజెన్ నుంచి నెలా పదిహేను రోజుల సెలవు. రెండేళ్ల బతుకులో ఇది చిన్న సెలవేం కాదు.

ఈ పాఠం మనుషులకు చాలావరకు వర్తిస్తుంది. ముట్లుడిగిన స్త్రీలకు ఒట్టి ఈస్ట్రోజెన్ మాత్రలు ఇస్తే గర్భాశయ లోపొర క్యాన్సర్ పెరుగుతుందని 1975లోనే అమెరికాలో రెండు అధ్యయనాలు ఒకేసారి బయటపెట్టాయి. ఆ తర్వాతే గర్భాశయం ఉన్నవాళ్లకు ప్రొజెస్టిన్ కలిపి ఇవ్వడం ఆనవాయితీ అయింది. పీసీఓఎస్ అనే అండాశయ సమస్య ఉండి నెలల తరబడి ముట్టు రాని అమ్మాయి పరిస్థితికీ, విడవని ఎదలో ఉన్న ఎలుక పరిస్థితికీ మూలం ఒకటే: అండం విడుదల కాకపోవడం, ప్రొజెస్టిరాన్ లేకపోవడం. దానికి పెళ్లి మందు కాదు. డాక్టరు రాసే ప్రొజెస్టిరాన్ కోర్సు ఉంది. ముట్లుడిగాక ఒక్క చుక్క రక్తం కనిపించినా పరీక్ష చేయించుకోవాలి.

రొమ్ము విషయానికి వస్తే చిక్కు ఎక్కువ. ఎలుకలో ‘రొమ్ము కణితి’ అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు జబ్బులను కలిపేస్తుంటారు. ఒకటి, ముసలి స్ప్రేగ్-డాలీ ఎలుకల్లో వాటంతటవే వచ్చే ఫైబ్రోఅడినోమా. ఇది ప్రాణం తీసే క్యాన్సర్ కాదు, గట్టి గడ్డ. కొన్ని కాలనీల్లో ఈనని ఆడ ఎలుకల్లో సగానికి పైగా వస్తుంది. పిట్యూటరీలో ప్రోలాక్టిన్ వదిలే గడ్డ, ఎప్పుడూ గిన్నె నిండా మేత, పెరిగిన కొవ్వు దీనికి తోడు. మేత తగ్గిస్తే ఇవి బాగా తగ్గుతాయి. రెండోది, రసాయనం ఇచ్చి పుట్టించే కార్సినోమా, అంటే అసలైన క్యాన్సర్. 1961లో చార్లెస్ హగ్గిన్స్ 50 రోజుల వయసున్న స్ప్రేగ్-డాలీ ఆడ ఎలుకకు నువ్వుల నూనెలో కలిపిన 20 మిల్లీగ్రాముల డీఎంబీఏ అనే రసాయనాన్ని ఒక్కసారి గొట్టంతో కడుపులోకి పంపి చూపించిన పద్ధతి అది. కొన్ని నెలల్లోపే వేళ్లకు తగిలే గడ్డలు వస్తాయి. తర్వాత ఎంఎన్‌యూ అనే మరో రసాయనం వాడుకలోకి వచ్చింది, మామూలు మోతాదు కిలో బరువుకు 50 మిల్లీగ్రాములు. దాన్ని ఎసిటిక్ యాసిడ్ చుక్కలతో కాస్త పులుపు చేసిన సెలైన్‌లో కరిగించి, వెలుతురు తగలనీయకుండా, వెంటనే వాడేయాలి. ద్రావణం క్షారంలోకి జరిగితే అది విరిగిపోతుంది. అప్పుడు ‘ఈ గుంపులో కణితులు తగ్గాయి’ అన్న ఫలితం ఎలుకది కాదు, సీసాది.

50 రోజులే ఎందుకు? డెట్రాయిట్‌లోనూ, తర్వాత ఫిలడెల్ఫియాలోనూ పనిచేసిన హోసే రుస్సో, ఇర్మా రుస్సో దంపతులు దీన్ని దశాబ్దాల పాటు తవ్వారు. పాల గ్రంథిని మొత్తంగా చర్మం నుంచి ఒలిచి గాజు పలక మీద పరిచి, ఫిక్స్ చేసి, ఎసిటోన్‌తో కొవ్వు తీసి, కార్మైన్ ఆలమ్‌లో రాత్రంతా ఉంచి, జైలీన్‌లో తేటపరిస్తే ఆకులు రాల్చిన చెట్టులా నాళాలన్నీ కనిపిస్తాయి. పడుచు ఎలుకలో ఆ కొమ్మల కొసలు హనుమంతుడి గదలా ఉబ్బి ఉంటాయి. కణాలు వేగంగా విభజన చెందేది అక్కడే, క్యాన్సర్ మొదలయ్యేదీ అక్కడే. చూలు కట్టి పాలిచ్చిన ఎలుక గ్రంథిలో ఆ గదలు దాదాపు ఉండవు. వాటి చోట మునగ పూత గుత్తుల్లా పాలు తయారయ్యే చిన్న చిన్న లోబ్యూళ్లు. పాలు ఆరిపోయాక గుత్తులు ముడుచుకుంటాయి గానీ పాత గదలు మళ్లీ రావు. అందుకే ఒక పూర్తి చూలు అయిన ఎలుకకు రసాయనం ఇస్తే క్యాన్సర్లు బాగా తగ్గుతాయి. నిజంగా చూలు కూడా అక్కర్లేదు, గర్భిణుల్లో తయారయ్యే హెచ్‌సీజీ హార్మోన్ 21 రోజులు ఇచ్చినా, తక్కువ కాలం ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ కలిపి ఇచ్చినా అలాంటి రక్షణ వస్తుందని తర్వాతి ప్రయోగాలు చూపాయి. చిన్న మాట: పరీక్షకు సులువని అందరూ పొట్ట దగ్గరి నాలుగో గ్రంథినే పరుస్తారు. గదలు ఎక్కువకాలం మిగిలేదీ, క్యాన్సర్లు ఎక్కువ పుట్టేదీ ఛాతీ దగ్గరి గ్రంథుల్లో. ఎలుకకు ఆరు జతలు ఉంటాయి, మెడ నుంచి తొడ సందు దాకా. వారం వారం తడిమేటప్పుడు వీపు వైపు, చంక కింద చూడకపోతే గడ్డలు లెక్కకు రావు.

ఇంత చక్కటి కథలోనూ లెక్క తప్పే చోటు ఉంది. 55 రోజుల వయసులో జత కడితే, 22 రోజుల చూలు, 21 రోజుల పాలు, గ్రంథి మామూలు స్థితికి రావడానికి మరో 21 రోజులు కలిపి తల్లి ఎలుకకు రసాయనం ఇచ్చేసరికి 119 రోజులు. దాన్ని 50 రోజుల ఈనని ఎలుకతో పోలిస్తే రక్షణ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కానీ ఈనని ఎలుకలో కూడా వయసుతో పాటు గదలు తగ్గుతూ పోతాయి! పోల్చాల్సింది 119 రోజుల ఈనని ఎలుకతోనే. పాలారకముందే రసాయనం ఇచ్చినా ఫలితం కలగాపులగం. పిల్లల సంఖ్యను పుట్టిన కొద్ది రోజుల్లోనే ఎనిమిదికో మరో అంకెకో సమం చేయకపోతే ఒక తల్లి పన్నెండు పిల్లలకూ, ఇంకొకటి మూడింటికీ పాలిచ్చి, రెండూ ‘ఒక ఈత’ అనే ఒకే గడిలో పడతాయి. ఇంకో సంగతి, అప్పటికే పెరుగుతున్న హార్మోన్ ఆధారిత గడ్డ ఉన్న ఎలుక చూలు కడితే ఆ గడ్డ పెరగవచ్చు. చూలు రక్షణ ఇస్తుందా, ఆజ్యం పోస్తుందా అన్నది రసాయనం ముందా, చూలు ముందా, గడ్డ ముందా అనే వరుసను బట్టి ఉంటుంది.

రుస్సోల 1980 నాటి ప్రయోగంలో చూలును మధ్యలో ఆపేసిన ఎలుకలకు పూర్తి చూలు ఇచ్చే రక్షణ దక్కలేదు. దీన్ని పట్టుకుని గర్భస్రావం చేయించుకుంటే రొమ్ము క్యాన్సర్ వస్తుందని ప్రచారం చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎలుక ఫలితం చెప్పింది రక్షణ దక్కలేదని మాత్రమే. మనుషుల సంగతి మనుషుల్లోనే చూశారు. 16 దేశాల 53 అధ్యయనాల్లోని 83,000 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల వివరాలు కలిపి 2004లో లాన్సెట్‌లో వేసిన విశ్లేషణలో గర్భస్రావం వల్ల ముప్పు పెరగలేదని తేలింది.

అలాగే ‘తొందరగా కంటే మంచిది’ అన్న మాట. 1970లో మెక్‌మాన్ బృందం పలు దేశాల్లో చేసిన అధ్యయనంలో 18 ఏళ్లలోపు తొలి కాన్పు అయినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ముప్పు, 35 దాటాక తొలి కాన్పు అయినవాళ్లతో పోలిస్తే మూడో వంతు ఉంది. నిజమే. 2002లో 30 దేశాల 47 అధ్యయనాలను కలిపిన లెక్క ప్రకారం ఒక్కో కాన్పుకు ముప్పు 7 శాతం, బిడ్డలకు పాలిచ్చిన ప్రతి 12 నెలలకు 4.3 శాతం తగ్గుతుంది. కానీ 2019లో 15 దీర్ఘకాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, కాన్పయిన తర్వాత కొన్నేళ్లు ముప్పు పెరిగి, సుమారు ఐదేళ్లకు పతాక స్థాయికి చేరి, ఇరవై ఏళ్లు దాటాకే రక్షణగా మారుతోందని కనిపించింది. పాలు ఆరిపోయేటప్పుడు గ్రంథిలో జరిగే కూల్చివేత, గాయం మానే పనిలాంటిదని, అది కణితులకు అనువైన నేల తయారు చేస్తుందని ఎలుకల గ్రంథుల మీద పనిచేసినవాళ్లే చెబుతున్నారు. పైగా ఎలుక లెక్కను పెళ్లి వయసుకు అంటగడితే నష్టం ఎవరికో తెలుసు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండా పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. పదిహేడేళ్ల పిల్లకు కాన్పు చేసి ఎప్పుడో యాభై ఏళ్ల తర్వాతి ముప్పు తగ్గించామనడం వైద్యం కాదు.

ఇక మందుల వార్తలు. ఎలుకలో కార్పస్ లూటియంను నిలబెట్టేది ప్రోలాక్టిన్. మనిషిలో ఆ పని ఎల్‌హెచ్‌ది. ఈ ఒక్క తేడా మీద ఎన్నో శీర్షికలు తలకిందులవుతాయి. ప్రోలాక్టిన్‌ను తగ్గించే బ్రోమోక్రిప్టిన్‌ను ఎలుకలకు దీర్ఘకాలం ఇస్తే కార్పస్ లూటియం నిలవదు, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, ఒంటరి ఈస్ట్రోజెన్ మిగులుతుంది, గర్భాశయ కణితులు వస్తాయి. స్త్రీలలో ఆ దారి లేదు. ప్రోలాక్టిన్‌ను పెంచే రిస్పెరిడోన్ ఎలుకల పాల గ్రంథుల్లో కణితులు పెంచింది, ఆ మాట మందుతో వచ్చే సమాచార పత్రంలోనే ఉంటుంది. ఇలాంటివి చదివి మానసిక వ్యాధికి వాడుతున్న మందును ఎవరూ సొంతంగా ఆపకూడదు, అనుమానం ఉంటే డాక్టరును అడగాలి. మన మొక్కజొన్న రైతులు కలుపుకు కొట్టే అట్రజిన్ కూడా ఇదే కోవలోది. ఆడ స్ప్రేగ్-డాలీ ఎలుకల్లో అది ఎల్‌హెచ్ పోటును అణిచి, విడవని ఎదను ముందుకు జరిపి, రొమ్ము కణితులు త్వరగా వచ్చేలా చేసింది. ఫిషర్-344లో అలా జరగలేదు. ఆ మార్గం మనుషులకు వర్తించదని అమెరికా పర్యావరణ సంస్థ తేల్చింది. దానర్థం అట్రజిన్ నీళ్లలో కలిసినా ఫర్వాలేదని కాదు, అది వేరే లెక్క.

పేథాలజీ బల్ల మీద తప్పే సంగతి కూడా ఒకటి. ఎలుక గర్భాశయం రెండు కొమ్ములుగా ఉంటుంది. అలవాటుగా ఒక్కో కొమ్ము నుంచి ఒక అడ్డకోత తీసి చూస్తే కింద ముఖద్వారం దగ్గర పెరుగుతున్న కణితి కంటపడదు. ప్లాస్టిక్ వస్తువులకు మంటలంటకుండా వాడే టీబీబీపీఏ మీద అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ విస్టార్ హాన్ ఎలుకల్లో చేసిన రెండేళ్ల పరీక్షలో, మిగిలిన గర్భాశయాన్ని నిలువుగా కోసి మళ్లీ చూస్తే మొదటి కోతల్లో దొరకని కణితులు బయటపడ్డాయి. కాబట్టి ‘ఈ గుంపులో గర్భాశయ క్యాన్సర్లు లేవు’ అన్న వాక్యం చదివినప్పుడు కోత ఏ దిశలో తీశారో కూడా చూడాలి.

మా విన్నపం చిన్నది. ఎలుకల పరిశోధన వార్త వేసేటప్పుడు జాతి పేరు, ఎలుక ఈనిందా లేదా, రసాయనం ఇచ్చిన వయసు, పోల్చిన గుంపు అదే వయసుదా కాదా అన్నవి ఒక్క వాక్యంలో చేర్చండి. ఇవన్నీ పరిశోధన పత్రంలోని ‘పద్ధతులు’ భాగంలో సాధారణంగా దొరుకుతాయి. అక్కడ ‘నల్లిపారస్’ అనే పదం కనిపిస్తే దాన్ని వదిలేయకుండా ‘ఈనని ఎలుకలు’ అని తెలుగు చేసి వేయండి.

ఇట్లు,
ల్యాబ్ జంతువుల వైద్యులు, పేథాలజిస్టులు కొందరు
హైదరాబాద్